ఇండియానా 2024: కొత్త కోచ్ ఏం మార్చాడు, ఏది మార్చలేకపోయాడు

2023 నవంబర్ 30న కర్ట్ సిగ్నెటీని ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌గా తీసుకునే నాటికి ఇండియానా యూనివర్సిటీకి ఒక చెడ్డ పేరుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో చరిత్ర మొత్తం మీద అందరికంటే ఎక్కువసార్లు ఓడిన జట్టు అప్పటికి అదే. తాను ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్ చివరిసారి దక్కింది 1967లో, అదీ మరో రెండు జట్లతో పంచుకుని. చివరి బౌల్ (సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక ఆట) గెలుపు 1991లో. వందేళ్లకు పైబడిన చరిత్రలో ఒక్క సీజన్‌లోనూ పది ఆటలు గెలవలేదు. యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్ ఊరి ప్రాణమంతా బాస్కెట్‌బాల్‌లో ఉండేది. ఫుట్‌బాల్ అంటే శనివారం ఉదయం స్టేడియం బయట పార్కింగ్ స్థలంలో తిని తాగి, సగం ఆట చూసి ఇంటికెళ్లిపోవడమే చాలామందికి.

మరుసటి సీజన్‌లో అదే జట్టు 11 ఆటలు గెలిచి రెండే ఓడింది, జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో ఆడింది. సీజన్‌కు ముందు విలేకరులు వేసిన అంచనాలో, పేరులో టెన్ ఉన్నా 18 జట్లున్న బిగ్ టెన్‌లో ఇండియానాది 17వ స్థానం.

దీన్ని అద్భుతం అనేసి వదిలేస్తే సిగ్నెటీ చేసిన పనికి అన్యాయం చేసినట్టే. ఆ సీజన్‌ను దగ్గరగా చూస్తే ప్రతి గెలుపు వెనకా ఒక కారణం కనిపిస్తుంది, రెండు ఓటముల వెనకా ఒకే కారణం కనిపిస్తుంది.

సిగ్నెటీకి ముందు కోచ్ టామ్ అలెన్. 2020 కోవిడ్ సీజన్‌లో 6-2తో (ఆరు గెలుపులు, రెండు ఓటములు) మెరిసిన ఆయన జట్టు ఆ తర్వాత మూడేళ్లు వరుసగా 2-10, 4-8, 3-9తో కూలబడింది. ఒప్పందం మధ్యలో పంపించినందుకు అలెన్‌కు కోటి 55 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇంత సొమ్ము పోసి పాత కోచ్‌ను వదిలించుకున్న విశ్వవిద్యాలయం కొత్తగా పేరు మోసిన వాడినెవరినో తెస్తుందని అనుకుంటే, 62 ఏళ్ల సిగ్నెటీ వచ్చాడు. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ కోచ్‌గా తప్ప బయటి ప్రపంచానికి పెద్దగా తెలియని మనిషి.

ఆటనే నమ్ముకున్న కుటుంబం ఆయనది. తండ్రి ఫ్రాంక్ సిగ్నెటీ కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న కోచ్. కర్ట్ స్వయంగా 2007 నుంచి 2010 దాకా అలబామాలో పేరుమోసిన హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర రిసీవర్లకు (పాస్‌లు అందుకునే ఆటగాళ్లకు) కోచ్‌గా, కొత్త ఆటగాళ్ల ఎంపికకు సమన్వయకర్తగా పనిచేశాడు. అక్కడ జాతీయ టైటిల్ కూడా చూశాడు. అలాంటి చోటు వదిలి 2011లో రెండో డివిజన్‌లోని ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకు, తక్కువ జీతానికి, హెడ్ కోచ్‌గా వెళ్లాడు. పేరు ఒకేలా ఉన్నా ఆ కాలేజీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఇండియానా పట్టణంలో ఉంటుంది. ఒకప్పుడు తండ్రి కోచింగ్ చేసిన చోటే అది. అక్కడ 53-17, తర్వాత ఈలాన్ యూనివర్సిటీలో 14-9, జేమ్స్ మాడిసన్‌లో ఐదేళ్లకు 52-9. మొత్తం 119 గెలుపులు, 35 ఓటములు. హెడ్ కోచ్‌గా ఒక్క ఏడాది కూడా గెలుపులకన్నా ఓటములు ఎక్కువ కాలేదు.

2023 డిసెంబర్‌లో విలేకరులు ఆటగాళ్లను ఏం చెప్పి ఒప్పిస్తున్నారని అడిగితే ఆయన జవాబు: ‘నేను గెలుస్తాను. గూగుల్‌లో చూసుకోండి.’ చాలామందికి ఇది పొగరుగా వినిపించింది. ఓడడం అలవాటైన జట్టులో ఆ పొగరు అవసరమే. అయితే ఆ ఏడాది ఆటలు గెలిపించింది ఆ మాట కాదు. అదే నెలలో ఆయన ఎవరెవరిని తెచ్చుకున్నాడన్నది గెలిపించింది.

కొత్త కోచ్ వచ్చాడంటే ఒకప్పుడు అభిమానులు నాలుగేళ్లు ఓపిక పట్టేవారు. హైస్కూల్ పిల్లలను ఎంపిక చేసి, వాళ్లు పెరిగి పెద్దయ్యే దాకా ఆగాలి. వేరే కాలేజీ నుంచి మారి వచ్చిన ఆటగాడు ఒక ఏడాది బయట కూర్చోవాలి. 2021లో ఆ నిబంధన మొదటి మార్పు వరకు సడలింది. 2024 ఏప్రిల్‌లో, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తేల్చేసింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలూ వచ్చింది. ఈ రెండూ కలిసి కాలేజీ జట్టును ఒక్క శీతాకాలంలో తిరగరాయగలిగే వస్తువుగా మార్చేశాయి.

ఈ తలుపు అందరికీ తెరిచే ఉంది. సిగ్నెటీ దానిలోంచి ఎవరిని లోపలికి తెచ్చాడన్నదే తేడా. ముప్పై మందికి అటూ ఇటూగా కొత్తవాళ్లు వచ్చారు. వారిలో 13 మంది జేమ్స్ మాడిసన్ నుంచి ఆయన వెంట వచ్చినవాళ్లే. హైస్కూల్ రోజుల్లో ఎవరికి ఎన్ని నక్షత్రాల రేటింగ్ వచ్చిందన్నది ఆయన లెక్కలోకి రాలేదు. కాలేజీ మైదానంలో ఇప్పటికే ఏం ఆడి చూపించారన్నది చూశాడు. ఎదిగే అవకాశం కన్నా చేసి చూపించిన పని ముఖ్యం అన్నది ఆయన పదేపదే చెప్పే సూత్రం.

రిసీవర్ ఎలైజా సారట్‌ను చూస్తే ఆ సూత్రం ఎలా పనిచేసిందో అర్థమవుతుంది. 2022లో పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న కాలేజీలో, అగ్రశ్రేణికి ఒక మెట్టు కింద ఆడాడు. 2023లో జేమ్స్ మాడిసన్‌కు వచ్చి 82 క్యాచ్‌లతో బంతిని మొత్తం 1,191 గజాలు ముందుకు తీసుకెళ్లాడు. 2024లో ఇండియానాకు వచ్చి, సీజన్ మొత్తంలో 957 గజాలు, 8 టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ దాటించి చేసే స్కోరు) చేశాడు. మూడేళ్లలో మూడు కాలేజీలు, ఒక్కో మెట్టు పైకి, ఎక్కడా ఆట తగ్గలేదు. పెద్ద కాలేజీలు హైస్కూల్లో చూసి పక్కన పెట్టిన కుర్రాడే ఇతను. డిఫెన్స్ (ప్రత్యర్థిని అడ్డుకునే వర్గం) రెండో వరుసలో నిలబడే లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకే మికైల్ కమారా, ప్రత్యర్థి రిసీవర్లను కాచుకునే ఐదడుగుల తొమ్మిది అంగుళాల పొట్టి కార్నర్‌బ్యాక్ డి'ఏంజెలో పాండ్స్... వీళ్లందరూ అదే దారిలో వచ్చినవాళ్లే. ఫిషర్ ఆ సీజన్‌లో 118 ట్యాకిల్స్ (బంతి పట్టినవాడిని కింద పడేయడం) చేశాడు, కమారా 10 శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడేయడం).

ఆటగాళ్లతో పాటు అఫెన్స్ (బంతితో దాడి చేసే వర్గం) నడిపే మైక్ షానహాన్, డిఫెన్స్ నడిపే బ్రయంట్ హేన్స్ కూడా జేమ్స్ మాడిసన్ నుంచే వచ్చారు. దీని విలువ బయటినుంచి అంతగా కనిపించదు. కొత్త కోచ్ కింద మొదటి వేసవి మామూలుగా భాష నేర్చుకోవడంలో గడిచిపోతుంది. ఏ సంకేతానికి ఏ అమరిక, ఏ పిలుపుకు ఎవరు ఎటు కదలాలి అన్నది ఎనభై తొంభై మంది కొత్తగా బట్టీ పట్టాలి. ఇండియానాలో డిఫెన్స్ నడిమధ్య నిలబడి అమరికను పిలిచే ఫిషర్‌కు ఆ పిలుపులన్నీ ముందే వచ్చు. పక్కవాడు తప్పుగా నిలబడితే కోచ్ దాకా వెళ్లకుండా అక్కడే సరిచేయగలడు. ఆగస్టులోనే ఈ జట్టు రెండో ఏడాది జట్టులా కనిపించిందంటే కారణం అదే.

పాత జట్టును పూర్తిగా తుడిచిపెట్టారనుకోవడం కూడా పొరపాటు. క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా నిలిచే లైన్‌లో ఎడమ టాకిల్ స్థానంలో కార్టర్ స్మిత్, ఆ లైన్ మధ్యలో మైక్ కాటిక్, రిసీవర్ ఒమర్ కూపర్ జూనియర్ అలెన్ కాలం నుంచి ఉన్నవాళ్లే. ఈ గెలుపుల్లో అలెన్ వాటా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, మాట్లాడి ఉండాల్సింది.

క్వార్టర్‌బ్యాక్‌గా కెనడాలోని ఓక్‌విల్‌కు చెందిన కర్టిస్ రూర్క్ వచ్చాడు. ఓహైయో యూనివర్సిటీలో, అంటే అందరికీ తెలిసిన ఓహైయో స్టేట్‌లో కాదు, దానికంటే చాలా చిన్న జట్టులో ఆడి వచ్చిన అనుభవజ్ఞుడు. షానహాన్ అఫెన్స్‌కు గుండెకాయ లాంటిది రన్-పాస్ ఆప్షన్. బంతి చేతికి రాగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని పక్కనున్న రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) పొట్టకు ఆనించి, ఎదురుగా ఉన్న ఒక లైన్‌బ్యాకర్‌ను చూస్తాడు. ఆ లైన్‌బ్యాకర్ పరుగును ఆపడానికి ముందుకొస్తే, బంతిని వెనక్కి లాక్కుని అతడు ఖాళీ చేసిన చోటికి విసురుతాడు. వెనక్కి తగ్గితే బంతిని రన్నింగ్ బ్యాక్‌కే వదిలేస్తాడు. నిర్ణయానికి సెకను కూడా ఉండదు. బుల్లెట్‌లా విసిరే భుజం కన్నా తడబడని కన్ను కావాలి ఇక్కడ. రూర్క్‌కు ఆ కన్ను ఉంది. సీజన్ మొత్తంలో 29 టచ్‌డౌన్ పాస్‌లు, 5 ఇంటర్‌సెప్షన్‌లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు). ఆగస్టు శిబిరంలోనే మోకాలి ఏసీఎల్ తెగిపోయిందని, ఆ కాలితోనే సీజనంతా ఆడాడని ఆటలన్నీ ముగిశాక బయటపడింది.

మొదటి రెండు ఆటలు, ఫ్లోరిడా ఇంటర్నేషనల్, వెస్టర్న్ ఇల్లినాయ్ మీద, లెక్కలోకి రానివి. రెండోది 77-3. మూడో ఆట లాస్ ఏంజెలిస్ దగ్గర రోజ్ బౌల్ స్టేడియంలో యూసీఎల్‌ఏ మీద. 1968 జనవరి 1న ఇండియానా తన చరిత్రలో అప్పటికి ఏకైక రోజ్ బౌల్ ఆటను 14-3తో పోగొట్టుకున్న మైదానం అదే. ఈసారి 42-13తో గెలిచింది. మేరీలాండ్, నార్త్‌వెస్టర్న్ తర్వాత అక్టోబర్ 19న నెబ్రాస్కా వచ్చింది. అప్పటికి ఒక్క ఆటే ఓడిన జట్టు. దాన్ని 56-7తో చిత్తు చేయడంతో దేశమంతా ఇటు తిరిగింది. ఆ ఆటలోనే రూర్క్ చేతి బొటనవేలికి దెబ్బ తగిలింది. తర్వాతి వారం వాషింగ్టన్ మీద బదులుగా టేవెన్ జాక్సన్ ఆడినా 31-17తో గెలిచారు. అసలు ఆటగాడు లేకపోయినా అఫెన్స్ ఆగలేదంటే, నడిపిస్తున్నది ఒక మనిషి కాదు ఒక పద్ధతి అని తేలింది.

ఈ సీజన్‌కు అద్దం పట్టే ఆట ఒకటి చెప్పమంటే నవంబర్ 2న మిషిగన్ స్టేట్ మీద ఆడినదే చెప్పాలి. సీజన్‌లో ఇండియానా స్కోరులో వెనకబడటం అదే మొదటిసారి, తొమ్మిదో ఆటలో. 10-0 వెనక. పరాయి మైదానం. పాత ఇండియానా అయితే అక్కడే చేతులెత్తేసేది. ఈ జట్టు ఆ తర్వాత వరుసగా 47 పాయింట్లు కొట్టింది, ప్రత్యర్థికి ఒక్కటీ ఇవ్వలేదు. స్కోరుబోర్డు ఏం చూపిస్తున్నా మొదటి ప్లే నుంచి 150వ ప్లే దాకా ఒకేలా ఆడాలన్నది సిగ్నెటీ ఆటగాళ్లకు నూరిపోసే మాట. ఎన్ని గెలిచినా సైడ్‌లైన్‌లో ముఖం చిట్లించుకుని నిలబడే ఆయన్ను చూసి నవ్వుకున్నవాళ్లకు కూడా ఆ రోజు దాని అర్థం బోధపడింది.

నవంబర్ 9న మిషిగన్ మీద తొలిసగం ఆట, మలిసగం ఆట వేరు వేరు. 17-3 ఆధిక్యంతో విరామానికి వెళ్లిన ఇండియానా, రెండో సగంలో 18 గజాలే సాధించింది. డిఫెన్స్ నిలబడబట్టి 20-15తో బయటపడింది. చరిత్రలో మొదటిసారి పది గెలుపులు దక్కిన రోజు కాబట్టి ఆ 18 గజాల సంగతి సంబరాల్లో మునిగిపోయింది. వారం తిరిగేసరికి సిగ్నెటీకి ఏడాదికి సుమారు 80 లక్షల డాలర్లతో ఎనిమిదేళ్ల కొత్త ఒప్పందం వచ్చింది.

ఆ 18 గజాల్లోనే తర్వాత జరగబోయేది ఉంది. రన్-పాస్ ఆప్షన్ ఒక ఊహ మీద నడుస్తుంది: పరుగును ఆపాలంటే డిఫెన్స్ ముందు వరుసకు లైన్‌బ్యాకర్ సాయం కావాలి. ముందు వరుసలోని నలుగురే పరుగును ఆపగలిగితే లైన్‌బ్యాకర్ ముందుకు రావాల్సిన పనే లేదు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ కంటికి చదవడానికి ఏమీ దొరకదు. బంతి పట్టుకుని ఆగాలి, ఆగితే శాక్. మిషిగన్‌కు అలాంటి ముందు వరుస ఉంది. ఓహైయో స్టేట్‌కు అంతకంటే బలమైనది ఉంది.

నవంబర్ 23న లక్షకు పైగా జనం మధ్య ఓహైయో స్టేట్ సొంతూరు కొలంబస్‌లో జరిగింది అదే. ముందు స్కోరు చేసింది ఇండియానాయే, 7-0. తర్వాత వరుసగా 31 పాయింట్లు ఓహైయో స్టేట్‌వి. విరామానికి ముందు పంటర్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలే ఆటగాడు) చేతిలోంచి బంతి జారి, ఇండియానా గోల్ లైన్‌కు కొద్ది గజాల దూరంలో ప్రత్యర్థికి దక్కింది. విరామం తర్వాత ఓహైయో స్టేట్ ఆటగాడు కేలెబ్ డౌన్స్ ఒక పంట్‌ను అందుకుని 79 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఈ రెండూ లేకపోతే ఆట దగ్గరగా ఉండేదని అన్నవాళ్లున్నారు. స్కోరు దగ్గరగా ఉండేదేమో, ఆట మాత్రం కాదు. ఇండియానా మొత్తం సాధించింది 151 గజాలు. రూర్క్ ఐదుసార్లు శాక్ అయ్యాడు. తుది స్కోరు 38-15.

వారం తర్వాత పర్డ్యూను 66-0తో ఓడించడంతో ఊరట దక్కింది. తెలుగు ఇంజినీరింగ్ విద్యార్థులకు బాగా తెలిసిన ఆ విశ్వవిద్యాలయం ఇండియానాకు సొంత రాష్ట్రంలోనే ఉన్న పాత ప్రత్యర్థి. 1925లో ఈ పోటీకి ఓల్డ్ ఓకెన్ బకెట్ ట్రోఫీ పెట్టినప్పటి నుంచి అంత తేడా ఎప్పుడూ లేదు. మరునాడే పర్డ్యూ తన కోచ్‌ను తీసేసింది.

ఇక్కడే దేశమంతా ఒక వాదన నడిచింది. ఇండియానా ఎవరిని ఓడించిందని? ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే నాటికి, అది ఓడించిన 11 జట్లలో ఓటములకన్నా గెలుపులు ఎక్కువున్నది మిషిగన్ ఒక్కటే. నెబ్రాస్కా, వాషింగ్టన్ సగం సగం, మిగతావన్నీ కింద. తొమ్మిది గెలుపులతో అలబామా బయట ఉండిపోతే ఇండియానా ప్లేఆఫ్ వరుసలో పదో జట్టుగా లోపలికి వచ్చింది. విమర్శలో నిజం ఉంది. కానీ షెడ్యూల్ జట్టు చేతిలో ఉండదు, ఆ షెడ్యూల్‌తో ఏం చేసిందన్నదే దాని చేతిలో ఉంటుంది. మిషిగన్ ఆట తప్ప మిగతా పది గెలుపుల్లో ప్రతి ఒక్కటీ కనీసం 14 పాయింట్ల తేడాతో వచ్చింది. బలహీనుల మీద చచ్చీ చెడీ గెలిచే జట్టు వేరు, ఇది వేరు.

డిసెంబర్ 20న నోటర్ డామ్‌తో దాని సొంతూరు సౌత్ బెండ్‌లో ఆడింది కాలేజీ క్యాంపస్ మీద జరిగిన మొట్టమొదటి ప్లేఆఫ్ ఆట. మొదట్లోనే ప్రత్యర్థి పాస్‌ను పాండ్స్ అందుకున్నాడు. ఆ అవకాశాన్ని పాయింట్లుగా మలచబోతుంటే రూర్క్ పాస్ గోల్ లైన్ దగ్గర ప్రత్యర్థి చేతికి చిక్కింది. వెంటనే నోటర్ డామ్ ఆటగాడు జెరమయా లవ్ 98 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. ఆట మిగిలిన కథంతా ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది. చివరి రెండు నిమిషాల దాకా ఇండియానాకు దక్కింది ఒక్క ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని సాధించే మూడు పాయింట్లు). ఆఖర్న వచ్చిన రెండు టచ్‌డౌన్‌లు 27-3ను 27-17గా చూపించాయి, అంతే. నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి ఉండగా కూడా సిగ్నెటీ పంట్ చేయించాడు. అది తప్పే. సీజనంతా దూకుడుగా మాట్లాడిన కోచ్, పోయేదేమీ లేని చోట వెనకడుగు వేశాడు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇండియానాను ఓడించిన ఆ రెండు జట్లే 2025 జనవరి 20న జాతీయ ఫైనల్లో తలపడ్డాయి, ఓహైయో స్టేట్ 34-23తో గెలిచింది. ఫైనలిస్టులు తప్ప ఇంకెవరూ ఈ జట్టును ఓడించలేదు.

అదే ఏడాది కోచ్‌లు మారిన ఇతర జట్లతో పోల్చి చూస్తే ఇది ఎంత అరుదో తెలుస్తుంది. 2024 జనవరిలో నిక్ సేబన్ రిటైర్ కావడంతో వాషింగ్టన్ కోచ్ కేలెన్ డిబోర్ అలబామాకు వెళ్లాడు. ఆ ఖాళీలోకి అరిజోనా నుంచి జెడ్ ఫిష్ వచ్చాడు. అంతకుముందు ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన వాషింగ్టన్ 6-7కు పడిపోయింది. 10-3గా ఉన్న అరిజోనా 4-8 అయింది. ఛాంపియన్ మిషిగన్ కూడా జిమ్ హార్బా వెళ్లిపోయాక 8-5తో సరిపెట్టుకుంది. అలబామాకు 9-4. కోచ్ మారితే జట్టు తడబడటమే మామూలు. 3-9 నుంచి 11-2కు ఎగబాకడం మామూలు కాదు.

ఈ కథలో మరో ఊరు కూడా ఉంది. వర్జీనియాలోని హారిసన్‌బర్గ్‌లో జేమ్స్ మాడిసన్ జట్టు కోచ్‌ను, ఇద్దరు కోఆర్డినేటర్లను, 13 మంది ఆటగాళ్లను ఒకేసారి పోగొట్టుకుంది. కొత్త నిబంధనల కింద చిన్న కాలేజీ తీర్చిదిద్దిన జట్టును పెద్ద కాలేజీ ఒక్క నెలలో ఎత్తుకుపోవచ్చు. పోయిన ఆటగాళ్లకు బదులుగా చిన్న కాలేజీకి తిరిగి దక్కేదేమీ లేదు. ఆటగాడికి నచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆటగాడిని పెంచిన చోటికి ఏం మిగులుతుందన్న ప్రశ్నకు కాలేజీ ఫుట్‌బాల్ ఇంకా జవాబు వెతకలేదు. అంత పోయినా బాబ్ చెస్నీ కింద జేమ్స్ మాడిసన్ నార్త్ కరొలైనాను 70-50తో ఓడించి, 9-4తో సీజన్ ముగించింది.

సిగ్నెటీ విషయానికొస్తే, తన జట్టు ఎక్కడ ఓడిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025కు క్యాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టు నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను తెచ్చాడు, లైన్ మధ్యలో నిలబెట్టడానికి నోటర్ డామ్ సెంటర్ పాట్ కూగన్‌ను తెచ్చాడు. సౌత్ బెండ్‌లో ఇండియానాకు ఎదురు నిలిచి ఆడిన ఆటగాడే కూగన్. బిగ్ టెన్ ఫైనల్లో ఓహైయో స్టేట్‌ను 13-10తో ఓడించారు, మెండోజాకు దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది. 2026 జనవరి 19న మయామీ మీద 27-21తో గెలిచి, ఒక్క ఓటమీ లేకుండా 16-0తో ఇండియానా తొలి జాతీయ టైటిల్ అందుకుంది.